నిద్రనీళ్ళు

“దొంగసొమ్మయితే దాచుకోవాలి గానీ, పిల్ల పేరున్న కార్డు దాచడమేంటిరా? ఎక్కడ పెట్టావో చెప్పు,” అంది అత్తగారు. పొద్దున్నించి అది నాలుగోసారి అడగడం.

భర్త వినపడనట్టే ఉన్నాడు. ఉదయం వంతు ముగించుకొని అప్పుడే వచ్చాడు. గుమ్మంలో కూర్చొని బూట్లకంటిన బురదని పుల్లతో గీకుతున్నాడు.

“అద్దం పక్కన పెట్టాను. రాత్రి ఉంది, తెల్లారేసరికి లేదు. కాళ్ళొచ్చాయా దానికి?”

“ఉందిలే అమ్మా. ఇంట్లోనే ఉంది.”

“ఇంట్లో ఎక్కడ?”

“ఎక్కడో అక్కడ. గోడకి తగిలించకపోతే కొంప మునుగుతుందా?”

“ఎల్లుండి సభ. నా మనవరాలు మైకు ముందు నిలబడి మాట్లాడబోతోంది. ఆ కార్డు చూపిస్తే గానీ లోపలికి రానివ్వరట. నాకు ముందు వరసలో కుర్చీ కావాలి. వెనక కూర్చుంటే నాకేం వినపడి చస్తుంది?”

“నువ్వు రావట్లేదు. నేనూ రావట్లేదు.”

వంటింట్లో డబ్బా మూత బిగిస్తున్న కోడలి చెయ్యి ఆగిపోయింది. కార్డు ఎక్కడుందో ఆమెకి తెలుసు. ఇందాక పక్క సర్దుతుంటే పరుపు కింద, భర్త పడుకునే వైపు, బోర్లా పెట్టి చేతికి తగిలింది. తియ్యలేదు. చూడనట్టే దుప్పటి సరిచేసింది.

మీగడ రంగు దళసరి కార్డు. పైన కూతురు పనిచేసే పరిశోధన సంస్థ ముద్ర. దాని కింద పెద్దక్షరాల్లో ‘నిద్రనీళ్ళు’. ఇంకా కింద సన్నగా ‘చివరి కుళాయిల వీధుల్లో నీటి సరఫరా – ఒక పరిశీలన’. ఆ కింద కూతురి పేరు, పేరు పక్కన ‘విద్యార్థి పరిశోధక ఫెలో’.

ఎనిమిది నెలల కిందట ఆ ఫెలోషిప్పు వచ్చినరోజు భర్త కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. “ఇన్నాళ్ళకి మా ఇంట్లో కూడా ఓ ఫెలో పుట్టుకొచ్చాడర్రా!” అని. ప్రభుత్వం చేసే పనులు జనానికి ఎంతవరకు చేరుతున్నాయో చూసి రాసే సంస్థ అది. కాలేజీల్లోంచి ఏడాదికి ఆరుగురు పిల్లల్ని ఏరుకుంటారు. వందల్లోంచి ఆరుగురు. ఆ రోజు నుంచి కూతుర్ని ‘ఫెలో’ అనే పిలిచేవాడు. “ఏం ఫెలో, తిన్నావా?” “మా ఫెలో ఇంకా రాలేదేంటి?”

కార్డు ఇంటికొచ్చి నాలుగు రోజులయింది. ఆ నాలుగు రోజులుగా ఫెలో అనడం లేదు. అసలు ఏమనీ పిలవడం లేదు.

ఎందుకంటే పైన పెద్దక్షరాల్లో ఉన్నది ఆయన మాట.

నీళ్ళ ఆఫీసులో పంతొమ్మిది మంది వాల్వు మనుషులున్నారు. వంతుల వారీగా ఒక్కో వీధికి నీళ్ళు వదిలేదీ కట్టేదీ వాళ్ళే. ఆయన ఒక్కడికే ఓ అలవాటుంది. వాల్వు తిప్పే ఇనప కడ్డీని వాల్వు తల మీద నిలబెట్టి, కడ్డీ పైకొసకి చెవి ఆనించి వింటాడు. నీళ్ళు కదులుతుంటే కడ్డీలో సన్నగా జుమ్మంటుందట. వీధి చివర, గొట్టం ఆగిపోయేచోట మాత్రం ఏ చప్పుడూ ఉండదట. “నిద్రనీళ్ళు,” అంటాడు చెవి తీసి. ఇరవై ఆరేళ్ళుగా అంటున్నాడు. తోటివాళ్ళు టీ తాగుతూ ఏడిపించేవాళ్ళు: “ఏం గురూ, లేచాయా నీ నీళ్ళు? మొహం కడుక్కున్నాయా?”

కూతురు సంచీ భుజానికి తగిలించుకొని గదిలోంచి వచ్చింది. తండ్రి వీపు వెనక నిలబడింది.

“నాన్నా, రిపోర్టు పేరు మార్చమని మా సంస్థ మేడంని ఇవాళ మళ్ళీ అడుగుతాను.”

“కార్డులు ఊరంతా పంచాక.”

“నీ పేరు ఎక్కడా లేదు నాన్నా. వయసు తీసేశాను. ఏ సెక్షనో తీసేశాను. మగవాడో ఆడమనిషో కూడా తెలీకుండా రాశాను. నువ్వందులో ‘ఏడో వ్యక్తి’వి, అంతే.”

“ఏడో వ్యక్తి నోట్లో నా నాలుక పెట్టావు.”

అమ్మాయి సంచీ పట్టీ సరిచేసుకుంది. “ఏమేం తీసెయ్యాలో మాకిచ్చిన పుస్తకంలో పట్టీ ఉంది. పేరు, ఊరు, వీధి, ఉద్యోగం. ఒక్కటి వదలకుండా తీసేశాను. మాట తీసెయ్యాలని అందులో లేదు నాన్నా. పైగా మొదటివారమే నేర్పారు, ‘మనుషులు ఎలా చెప్పారో అలాగే రాయండి, మీ భాషలోకి మార్చకండి’ అని.”

“బాగా నేర్చుకున్నావు,” అన్నాడాయన. పుల్ల విరిచి బయట పడేశాడు. “ఇవాళ టీకి నన్నెవరూ పిలవలేదు. నేను వెళ్ళేసరికి మాటలాపేశారు. ఒకడు మాత్రం గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయాడు.”

“ఏ మాటరా? టీ ఏంటి?” అంది అత్తగారు.

కోడలు డబ్బా సంచీలో పెట్టుకొని బయటికొచ్చి, “బస్సు పోతుంది, పద,” అంది కూతురితో.

*

తల్లీకూతుళ్ళు బస్టాపుకి నడిచారు. స్టాపులో జనం ఉన్నారు. ఆమె కూతుర్ని చెయ్యి పట్టుకొని మూసి ఉన్న ఫొటో స్టూడియో మెట్ల దగ్గరికి తీసుకెళ్ళింది.

“నాకు తిన్నగా చెప్పు. మీ నాన్న నీకు సరిగ్గా ఏం చెప్పారు?”

“నీకు తెలుసుగా అమ్మా.”

“నాకు తెలిసింది కాదు. నువ్వు రాసింది చెప్పు.”

అమ్మాయి కిందికి చూస్తూ చెప్పింది. వీధి చివర గొట్టం కింద ఓ చిన్న వాల్వు ఉంటుంది. ప్రతి గురువారం దాన్ని ఇరవై నిమిషాలు తెరిచి, నిలవున్న నీటిని కాలవలోకి వదిలెయ్యాలి. రెండేళ్ళుగా ఎవరూ తెరవడం లేదు. పారబొయ్యడానికి నీళ్ళెక్కడున్నాయి, తెరవొద్దు అని పైనుంచి నోటిమాటగా చెప్పారు. రిజిస్టరులో మాత్రం ‘కడగడమైనది’ అని రాసి సంతకం పెట్టమన్నారు. పంతొమ్మిది మందీ వారంవారం పెడుతున్నారు.

“ఏడుగుర్ని అడిగానమ్మా. ఆరుగురు ‘ప్రతి గురువారం కడుగుతున్నాం’ అన్నారు. ఏడో మనిషి ఒక్కడే...”

“ఏడో మనిషి నీ ఎదురుగా కంచం ముందు కూర్చొని చెప్పాడు. కూతురికి చెప్పాడు. ఫెలోకి కాదు.”

“సమ్మతి పత్రం మీద సంతకం తీసుకునే రికార్డు చేశాను.”

“మీ నాన్న ఏ కాగితం పెట్టినా సంతకం చేస్తారే. ఇరవై ఆరేళ్ళుగా ఆఫీసు అలవాటు చేసింది అదే కదా.”

బస్సు మలుపు తిరిగింది. అమ్మాయి గబగబా చెప్పింది. “ఇంకో దారుంది. చెప్పినవాళ్ళు తమ మాట వెనక్కి తీసుకోవచ్చు. రిపోర్టు విడుదలయ్యేలోపు ఎప్పుడైనా. దానికో ఫారం ఉంది. సంతకం పెడితే ఏడో వ్యక్తి మొత్తం పోతాడు. మాట పోతుంది, పేరూ మార్చాల్సిందే, ఎవరూ కాదనలేరు.”

“అప్పుడు నీ రిపోర్టులో ఏం మిగులుతుంది?”

“ప్రతి గురువారం కడుగుతున్నారని మిగులుతుంది,” అంది అమ్మాయి.

*

ఆసుపత్రిలో మందులిచ్చే కిటికీ వెనక ఆమెది పదిహేనేళ్ళ కుర్చీ. చుట్టుపక్కల ఆమెని మందులావిడ అంటారు. చీటీ మీద డాక్టరు రాత చదవడం, డబ్బాలోంచి మాత్రలు తీసి కాగితంలో చుట్టడం, రోజుకెన్నిసార్లో చెప్పడం. చెవిటివాళ్ళకి వేళ్ళతో చూపిస్తుంది. తొందరపెట్టేవాళ్ళని కళ్ళద్దాల మీంచి ఒక్క చూపు చూస్తుంది, చాలు.

ఏ వీధి నుంచి ఏ జబ్బొస్తుందో ఆ కిటికీలోంచి తెలిసిపోతుంది. చివరి వీధి నుంచి కడుపు జబ్బులు. అది ఆమెకి ఏడాదిగా తెలుసు. కూతురు రిపోర్టు రాయకముందు నుంచీ తెలుసు. తెలిసిన సంగతిని మనసులో ఎక్కడో ఓ మూలకి నెట్టి, దాని మీద రోజూ పని పరిచింది.

పదకొండు గంటలప్పుడు భుజాన పిల్లని వేసుకొని ఒకావిడ వచ్చింది. నీలం ప్లాస్టిక్ బుట్ట, తడి చెప్పులు. నెలలో రెండోసారి రావడం. పిల్ల తల వాల్చేసి ఉంది. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి గానీ దేన్నీ చూడడం లేదు.

“మళ్ళీనా?” అంది ఆమె.

“మళ్ళీనమ్మా. రాత్రంతా. పక్కింట్లో ముసలాయనకీ అంతే. ఏం తింటున్నామో ఏమో, దిష్టి తగిలినట్టుంది మా వీధికి.”

ఆమె ఉప్పు-చక్కెర పొడి పొట్లాలు ఆరు తీసి కిటికీలోంచి అందించింది. “ఒక్కోటి లీటరు నీళ్ళలో కలిపి, చెంచాతో కొంచెం కొంచెం పట్టించు. ఆపకు.”

“నీళ్ళంటే కుళాయి నీళ్ళేగా?”

ఆమె నోరు తెరిచింది. కాచి చల్లార్చినవి అని చెప్పాలి. రోజుకి ఇరవైసార్లు చెప్పే మాటే అది. ఆవిడ వెనక వరసలో నీళ్ళ ఆఫీసు ప్యూను నిలబడి ఉన్నాడు, ఎడం చేతికి కట్టుతో. ఆమె వైపే చూస్తున్నాడు. కాచమంటే ఎందుకని అడుగుతుంది. నీళ్ళు బాగాలేవా, మీ ఆయన వదిలేవేగా అంటుంది. రేపీపాటికి ఆ మాట ఎక్కడుంటుందో.

“ఊఁ,” అంది ఆమె.

“మీ ఆయన చల్లగా ఉండాలమ్మా,” అంది ఆవిడ పొట్లాలు బుట్టలో వేసుకుంటూ. “ఎండలొచ్చినా వానలొచ్చినా ఒక్క వంతు తప్పించలేదు. పాత ఆయనుండగా చూశాంగా, వారానికోసారి ముఖం చూపించేవాడు.”

ప్యూను చీటీ ఇచ్చాడు. మాత్రలు తీసుకున్నాడు. వెళ్ళబోతూ, “ఎల్లుండి మీ అమ్మాయి ఫంక్షనంట కదా. మా సార్లందరికీ కార్డులొచ్చాయి. చదువుతున్నారు, చదువుతున్నారు, తెగ చదువుతున్నారు,” అని నవ్వాడు.

ఆమె కిటికీ రెక్క సగం మూసింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. మళ్ళీ తెరిచేసరికి నీలం బుట్టావిడ గేటు దాటి వెళ్ళిపోయింది. ఆమె లేచి వరండాలోకి పరిగెత్తినంత పనిచేసింది. రోడ్డుమీద బస్సు దుమ్ము తప్ప ఏమీ లేదు.

*

సాయంత్రం దీపాలు పెట్టేవేళకి మరిది వచ్చాడు. హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకొని కుర్చీ అంచున కూర్చున్నాడు. ఆయనది నీళ్ళ ఆఫీసులోనే ఇన్‌వర్డ్ గుమాస్తా ఉద్యోగం. లోపలికొచ్చే ప్రతి కాగితం మీదా ఆయన ముద్ర పడాల్సిందే. అందుకే ఆఫీసులో ఏ పిడుగు పడబోతున్నా అందరికంటే ముందు ఆయనకే తెలుస్తుంది. ఎప్పుడొచ్చినా “వదినా, టీ! చక్కెర నువ్వు వెయ్యకు, మా ఆవిడకి చెప్పనని మాటివ్వు, నేనే వేసుకుంటాను,” అనే మనిషి. ఇవాళ టీ మాటెత్తలేదు.

“అన్నయ్యా, రేపు పదకొండింటికి ఎంక్వయిరీ,” అన్నాడు.

భర్త తల ఊపాడు. “చెప్పారు. రిజిస్టర్లు తీసుకొని రమ్మన్నారు.”

“రిజిస్టర్ల కోసం కాదు. రిజిస్టర్లు వాళ్ళకీ తెలుసు, మనకీ తెలుసు. పంతొమ్మిది మందినీ విడివిడిగా లోపలికి పిలిచి ఒకే ఒక్క ప్రశ్న అడుగుతారట. ‘వీధి చివర గొట్టంలో కదలకుండా ఉండే నీళ్ళని మీరేమంటారు?’ అని. ఎవరేమన్నారో పక్కన కూర్చొని రాసుకుంటారు. మెమో మీద నేనే స్టాంపు వేశాను.”

“ఇదో ప్రశ్నా?” అంది అత్తగారు మంచం మీంచి. “మావాడు నిద్రనీళ్ళంటాడు. చిన్న ఇంజనీరుక్కూడా తెలుసు.”

మరిది లేచి వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

“అమ్మా,” అన్నాడు మరిది నెమ్మదిగా, “ఈ మాట నువ్వెవరితోనూ అనలేదు కదా?”

“ఎవరితో అంటాను? నేనేమన్నా ఊళ్ళు తిరుగుతానా?” అత్తగారు ముడుచుకున్న మోకాళ్ళు చాపి, మళ్ళీ ముడిచింది. “పాలబూతు దగ్గర మొన్న ఆ సూపర్‌వైజరు పెళ్ళాం కనపడింది. వాళ్ళబ్బాయికి ఏదో పరీక్షలో మార్కులొచ్చాయని ఒకటే కోతలు. నాకు ఒళ్ళు మండింది. సంచీలో కార్డుంటే తీసి చూపించాను.”

“చూపించి?”

“ఏముంది? కార్డు మీద మా మనవరాలి పేరు, మా అబ్బాయి మాట, రెండూ అచ్చయ్యాయి చూడమ్మా అన్నాను. దాని మొహం చూడాల్సింది! మాట పడిపోయింది.”

మరిది హెల్మెట్ కింద పెట్టి రెండు చేతుల్తో మొహం రుద్దుకున్నాడు. “మాట పడిపోలేదమ్మా. ఇంటికెళ్ళి మొగుడికి చెప్పేదాకా ఆగింది, అంతే. అందుకే ఈ ఎంక్వయిరీ.”

“మంచిమాటేగా అన్నాను! తప్పేమన్నానా? ఏరా, తప్పన్నానా?”

భర్త తల్లివైపు చూశాడు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండునని ఆమెకి అనిపించింది. “తప్పేం లేదమ్మా. కార్డు పరుపు కింద ఉంది. కావాలంటే తీసుకో,” అన్నాడు.

ముసలావిడకి అప్పుడు భయమేసింది. “నాకొద్దు,” అంది చిన్నగా.

గోడవైపు కూర్చున్న కూతురు సంచీలోంచి ఒక కాగితం తీసింది. మడతలు విప్పి బల్లమీద పరిచింది. అందులో అంతా పూర్తిచేసి ఉంది. కిందనొక గీత మాత్రం ఖాళీగా ఉంది.

“మేడంతో మాట్లాడాను. ‘అది నీ నిర్ణయమూ కాదు, నాదీ కాదు. ఏడో వ్యక్తి నిర్ణయం. ఆ వ్యక్తి ఎవరో నాకు తెలీకూడదు కూడా’ అంది. రేపు పొద్దున తొమ్మిదింటిలోపు ఇస్తే ఆ మాటలున్న రెండు పేజీలూ తీసేసి వేరే పేరుతో అచ్చువేస్తారు. కార్డుల మీద చీటీ అతికిస్తారు.”

“ఏడో వ్యక్తి మీ నాన్నేనని ఆవిడకి తెలీదా?” అన్నాడు మరిది.

“తెలీదు బాబాయ్. తెలిస్తే సొంత మనిషిని ఎందుకు తీసుకున్నావని ఫెలోషిప్పులోంచి తీసేస్తుంది.”

“మరెందుకు తీసుకున్నావే తల్లీ, ఊళ్ళో ఇంకెవరూ దొరకనట్టు?”

“ఇంకెవరూ నిజం చెప్పలేదు బాబాయ్.”

మరిది అన్నగారి వైపు తిరిగాడు. “పెట్టేయ్ అన్నయ్యా. మాట నీదని వందమందికి తెలియనీ. కాగితం మీద లేకపోతే ఏం పీకలేరు. ఉంటే మాత్రం రెండేళ్ళ సంతకాలూ నీ మెడకి చుడతారు. తెరవొద్దన్నదెవరు, రుజువేది అంటారు. నోటిమాటకి రుజువెక్కణ్ణించి తెస్తావు? పై వాళ్ళు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటారు. అబద్ధపు రాతలు రాసినవాడివి నువ్వొక్కడివే అవుతావు. ఇంకా నాలుగేళ్ళ సర్వీసుంది.”

“మిగతా పద్దెనిమిది మందీ?”

“వాళ్ళు రేపు ‘నిలవ నీళ్ళు’ అంటారు. అందరూ ఒకే మాట అనుకున్నారట. నీకు చెప్పలేదా?”

“లేదు,” అన్నాడు భర్త. “నన్ను టీకి పిలవలేదన్నానుగా.”

వంటింటి గడపలో నిలబడ్డ ఆమె భర్త చేతులనే చూస్తోంది. వాల్వులు తిప్పి తిప్పి అరచేతులు కాయలు కాచిన చేతులు. ఆయన బల్ల దగ్గరికి కుర్చీ జరుపుకున్నాడు. కూతురు పెన్ను మూత తీసి ఇచ్చింది. కాగితం పైనుంచి కింది దాకా చదువుతాడనుకుంది ఆమె. ఒక్క వాక్యమైనా చదువుతాడనుకుంది.

చదవలేదు. గీత ఎక్కడుందో చూశాడు. గురువారాల్లో పెట్టినట్టే, చెయ్యి ఎత్తకుండా ఒక్క ఊపులో పెట్టేశాడు.

“అయిపోయింది,” అన్నాడు మరిది. ఊపిరి గట్టిగా వదిలాడు. “అమ్మయ్య! వదినా, ఇప్పుడు టీ ఇవ్వు.”

కూతురు కాగితం తీసుకొని మడతపెట్టింది, విప్పింది, మళ్ళీ మడతపెట్టింది. ఎనిమిది నెలలు చివరి వీధుల్లో గుమ్మాలు పట్టుకొని తిరిగిన పిల్ల. చెప్పులు రెండు జతలు అరిగాయి.

“ఏడుస్తున్నావా?” అన్నాడు తండ్రి. నాలుగు రోజుల్లో ఆ పిల్లని తనంతట తానుగా పలకరించడం అదే మొదలు.

“లేదు నాన్నా.”

“నలభై పేజీలు మిగిలాయిగా.”

“మిగిలాయి.”

“వాటిల్లో ఏముంది?”

“కుళాయి దూరం ఎంత, బిందెకి ఎన్ని నిమిషాలు పడుతుంది, వంతు వేళకి వస్తుందా రాదా, అవన్నీ ఉన్నాయి. వేళకి వస్తుందని నీ వీధులవాళ్ళు అందరూ చెప్పారు. నీ లైను మొదటి స్థానంలో ఉంది నాన్నా.”

ఆయన మొహం ఒక్కసారి మాడిపోయింది. ఏదో అనబోయి, లేచి పెరట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, కాళ్ళు కడుక్కోకుండానే కట్టేసి వచ్చాడు.

బయట ఏదో బండి ఆగింది. అందరూ వీధి తలుపు వైపు చూశారు. ఇంజను కొంతసేపు ఆడుతూనే ఉంది. తర్వాత బండి ముందుకి పోయింది. మరిది కిటికీలోంచి తొంగిచూసి, “మనకి కాదు,” అన్నాడు. కానీ మళ్ళీ కూర్చోలేదు.

“భోంచేసి వెళ్ళు,” అంది ఆమె.

అందరూ కూర్చున్నారు. అత్తగారు, ఎప్పుడూ నోట్లో నువ్వుగింజ నానని మనిషి, తల వంచుకొని తింటోంది. కూర బాగుందని గానీ బాగాలేదని గానీ అనలేదు. మరిది రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. కూతురు ముద్ద కలిపి అలాగే కూర్చుంది.

ఆమె వడ్డించడం అయ్యాక తను కూర్చోలేదు. గరిటె గిన్నెలో పెట్టి, బల్ల అంచు పట్టుకొని నిలబడింది.

“రేపు చివరి వీధికి వంతెన్నింటికి?”

“ఆరింటికి,” అన్నాడు భర్త, కంచంలోంచి తలెత్తకుండా. “ఏం?”

“ఐదున్నరకి నేను వెళ్తున్నాను. సగంరోజు సెలవు పెట్టొచ్చాను.”

“ఎక్కడికి వదినా?”

“ఆ వీధికే. నలభై రెండిళ్ళున్నాయి. ఒక్కో గుమ్మం దగ్గరా ఆగి, ఆ నీళ్ళు కాచకుండా పసిపిల్లలకి పట్టొద్దనీ, పెద్దవాళ్ళనీ తాగొద్దనీ చెప్పి వస్తాను. ఎందుకని అడిగితే ఎందుకో కూడా చెప్తాను.” ఆమె గొంతు ఎక్కువా లేదు, తక్కువా లేదు. కిటికీ వెనకనుంచి మాత్రలు రోజుకెన్నిసార్లో చెప్పే గొంతే. “ఇవాళ ఒకావిడ పిల్లకి మందు కుళాయి నీళ్ళలో కలపనా అని అడిగింది. నేను ఊఁ అన్నాను. ఆ ఇంటి నుంచి మొదలుపెడతాను.”

మరిది చేతిలో ముద్ద జారి కంచంలో పడింది. “వదినా! పదకొండింటికి ఎంక్వయిరీ. కాగితం మీంచి ఇప్పుడే తీసేశాం. నువ్వెళ్ళి నలభై రెండు గుమ్మాల్లో అదే మాట చెప్తే తొమ్మిదింటికల్లా ఆఫీసులో ఉంటుంది. నువ్వెవరి భార్యవో ఆ వీధిలో ప్రతివాళ్ళకీ తెలుసు.”

“తెలుసు.”

“అన్నయ్య ఉద్యోగం పోతుంది.”

“తెలుసు.”

“అమ్మా...” అంది కూతురు.

ఆమె కూతురి వైపు చూడలేదు. భర్త వైపే చూస్తోంది. ఆయన కంచం పక్కకి జరిపాడు. చెయ్యి కడుక్కోలేదు. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఎప్పుడూ చూడనంత సేపు ఆమె మొహంలోకి చూశాడు.

“నన్నొక్క మాట అడగవా?” అన్నాడు.

“అడగడం లేదండీ,” అంది ఆమె మెల్లగా. “చెప్తున్నాను.”